గుప్పెడు రాయిపత్తి

పగ పట్టడంలో మా అమ్మను మించిన మనిషిని నేను చూడలేదు. నేను ఆమె కూతుర్నే కాబట్టి అందులో నాకూ వాటా వచ్చింది. ఎవరైనా "పోనీలే, జరిగిందేదో జరిగిపోయింది" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జరిగింది ఎందుకు పోతుంది? ఎక్కడికి పోతుంది? ముప్పై ఏళ్లు పట్నంలో సర్కారు దవాఖానలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని నేను. ఒంట్లోకి దిగినవి కొన్ని పోవు. అది నా కళ్లతో చూశాను.

మాది ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వెళ్లే దారిలో చిన్న ఊరు. వానలు పడితే జొన్నలు, లేకపోతే పస్తులు. రజాకార్ల రోజుల్లో నాకు ఏడేళ్లుంటాయి. మా నాన్న దొరకు వెట్టి చెయ్యనన్నాడు. ఊళ్లో చాలామంది ఆ మాట గొణిగారు గానీ, పోలీసు పటేలు మొహం మీద అన్నది మా నాన్న ఒక్కడే. మూడో రోజు పట్టపగలు దొర మనుషులు తుపాకులతో వచ్చారు. ఏది ఎవరి ఇల్లో వాళ్లకేం తెలుసు? మా పటేలే ముందు నడిచి, చేతికర్ర ఎత్తి మా ఇల్లు చూపించాడు. తాటికమ్మల కప్పు, నడి ఎండాకాలం. అగ్గిపుల్ల ఒక్కటి సరిపోయింది.

నాన్న అప్పటికే గుట్టల వైపు పారిపోయాడు. అమ్మ నన్ను రోడ్డవతల కూర్చోబెట్టి, నీళ్ల కోసం పటేలు ఇంటి ముందున్న బావి దగ్గరికి పరుగెత్తింది. ఎండాకాలంలో మా వాడంతా తోడుకునే బావి అదొక్కటే. పటేలు భార్య అక్కడే ఉంది. అమ్మ రావడం చూసి గిలక మీది చేంతాడు గబగబా లాగి, బొక్కెనతో సహా లోపలికి తీసుకుపోయి తలుపేసుకుంది. అమ్మ ఆ తలుపు కొట్టలేదు. వెనక్కి వచ్చి నా పక్కన నిలబడి, ఇల్లు కాలడం చివరి దూలం పడేదాకా చూసింది. ఏడవలేదా అని పెద్దయ్యాక అడిగాను.

"ఏడిస్తే మంట ఆరుతదా? చూస్తే యాదుంటది" అంది.

మమ్మల్ని మా మేనత్త, అంటే నాన్నకు అక్క, తన ఇంట్లో పెట్టుకుంది. ఆమె ఇల్లు మా బూడిద కుప్పకు పక్కనే. భర్త పోయిన మనిషి, నోట్లో నాలుక లేని మనిషి. తనకున్న రెండు చీరల్లో ఒకటి అమ్మకిచ్చింది. మా వైపు ప్రేమను పావురం అంటారు. అమ్మ పగ ఎంత గట్టిదో, పావురం కూడా అంత గట్టిదే. మేనత్త కోసం ప్రాణమైనా ఇచ్చేది. ఈ మాట ఊరికే అనడం లేదు, ఆ పావురం చివరికి ప్రాణాల మీదికే వచ్చింది.

నాన్న పట్నం చేరి ఒక రేకుల కంపెనీలో పనికి కుదిరాడు. ఇంటి కప్పుకు వేసే సిమెంటు రేకులు అవి. వాటిలో కలపడానికి పరదేశం నుంచి ఓడల్లో గోనె సంచులు వచ్చేవి. ఆ సంచులు కోసి, లోపలి సరుకును నేల మీద కుమ్మరించి, దూది ఏకినట్టు ఏకడం నాన్న పని. చదువుకున్నవాళ్లు దాన్ని రాతినార అంటారు, ఆస్బెస్టాస్ అంటారు. రాయే, కానీ విప్పితే పోగులు పోగులుగా పత్తిలా వస్తుంది. అందుకే మా వాడలో దాని పేరు రాయిపత్తి.

ఈలోగా దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు పటేలు ఇంటి వంటకొట్టం తగలబెట్టారు. పటేలు పెళ్లాన్ని తీసుకుని పారిపోయాడు. ఆ రోజు అమ్మ మేనత్తతో బెల్లం పాశం వండించుకుని మరీ తిన్నది. తరువాత పోలీసు యాక్షన్ అయింది, మిలిటరీ వచ్చింది, రేడియో విన్నవాళ్లు ఇక మన రాజ్యమే అన్నారు. వారం తిరక్కుండా పటేలు కూడా తిరిగొచ్చాడు. నెత్తిన తెల్ల టోపీ, చేతిలో పాత కర్ర. అదే వారం మా నాన్న భుజాన గోనె సంచితో బస్సు దిగాడు.

మేనత్త పొయ్యి దగ్గర ఆడవాళ్లంతా మూగారు. నాన్న సంచిలోంచి గుప్పెడు రాయిపత్తి తీసి నిప్పుల్లో వేశాడు. ఎర్రగా కాలింది. పట్టుకారుతో బయటికి తీస్తే ఎలా వేశాడో అలాగే ఉంది, ఒక్క పోగు మాడలేదు. అమ్మ దాన్ని వేడి వేడిగానే అరచేతిలోకి తీసుకుని నలిపి, చెంపకు ఆనించుకుంది. ఇల్లు కాలిన తరువాత ఆమె నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

"గిది మొత్తం నాకే గావాలె" అంది నాన్నతో. "ఇంక గా కర్ర ఎన్నిసార్లు లేస్తదో లేవనీ."

మా బూడిద కుప్ప ఊడ్చి అక్కడే మళ్లీ ఇల్లు లేపాం. మట్టి గోడ కట్టగానే పని అయిపోదని మా వైపు వాళ్లకు తెలుసు. ఎర్రమట్టిలో పేడ, ఊక, సన్నగా తరిగిన గడ్డి కలిపి తొక్కి గోడకు మెత్తాలి. గడ్డి ఉంటేనే మట్టి పట్టుకుంటుంది, పగుళ్లివ్వదు. మళ్లీ ఏటా దసరా ముందు పెచ్చులూడిన చోటల్లా గీకి కొత్తగా మెత్తాలి. ఈ పనిలో అమ్మకు చెయ్యి తిరిగింది. గడ్డికే కదా అగ్గి అంటుకునేది అని ఆలోచించింది. గడ్డి మానేసి రాయిపత్తి కలిపింది. ఉండలు కట్టినదాన్ని కర్రతో బాది, చేటలో చెరిగి, మట్టిలో పోసి తొక్కింది. గోడలకు మెత్తింది, పొయ్యికి మెత్తింది, కప్పు లోపలి వైపు కూడా రెండు వేళ్ల మందం మెత్తింది. కంపెనీ ఇంజనీర్లు సిమెంటులో కలిపినదాన్ని మా అమ్మ మట్టిలో కలిపింది. చదువు రాని మనిషి, ఎవరూ చెప్పకుండా. ఆ తెలివికి ఇప్పటికీ నాకు గర్వమే. అదే తలుచుకుంటే కడుపు మండుతుంది కూడా.

ఆమె చేటతో చెరుగుతుంటే తలుపు సందులోంచి పడే ఎండలో తెల్లటి నలుసులు తేలేవి. నేను నోరు తెరుచుకుని వాటి మధ్య గిర్రున తిరిగేదాన్ని.

నాన్న నెలకోసారి వస్తూ, వచ్చినప్పుడల్లా కొంత తెచ్చేవాడు. కంపెనీ కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఆఫీసులో ఒక పెద్ద సాబు ఉండేవాడట. సంచుల గదిలోకి రావలసి వస్తే ముందు జేబురుమాలు నీళ్లలో ముంచి, పిండి, ముక్కుకు కట్టుకుని గాని అడుగు పెట్టేవాడు కాదట. నాన్న మేనత్త కొంగు పట్టుకుని ముక్కుకు అడ్డం పెట్టుకుని, వయ్యారంగా నడిచి ఆ సాబును చూపించేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్లం. పది గంటలు ఆ గదిలో ఉండేవాడికి రుమాలు లేదు, రెండు నిమిషాలు తొంగి చూసేవాడికి తడి రుమాలు! ఎందుకని మాలో ఒక్కరమైనా అడిగామా? ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

అమ్మ గోడ సంగతి ఊరంతా తెలిసింది. మేనత్త ఇంటికి అమ్మ తనే స్వయంగా మెత్తింది, పొయ్యి వేసింది. తన ఇంటికంటే బాగా వేసింది. అప్పుడొచ్చింది పటేలు భార్య. మా గడప ఎన్నడూ తొక్కని మనిషి, కాలిన వంటకొట్టం మళ్లీ కట్టుకుంటున్నదట. చల్లకొచ్చి ముంత దాచినట్టు వానల గురించి మాట్లాడింది, నా జడ బాగుందన్నది. ఆఖరికి, జర గుప్పెడు రాయిపత్తి ఇస్తే పొయ్యికి వేసుకుంటానన్నది. అమ్మ చేట కింద పెట్టి లేచింది.

"నాడు బొక్కెన లోపల వెట్టుకున్నవ్ గదా. గుప్పెడు గాదు, గోటి మీదికొచ్చేంత గూడ ఇయ్య."

ఆమె వెళ్లిపోయాక అమ్మ ఒళ్లంతా వణికింది. కోపంతో కాదు, సంతోషంతో. ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. పక్కింటి పిల్ల బలపం అడిగినా నేను నడుం మీద చెయ్యేసుకుని, "గోటి మీదికొచ్చేంత గూడ ఇయ్య" అనేదాన్ని.

ఏటా దసరా ముందు పాత మెత్తు గీకేవాళ్లం. అమ్మ పై గోడ, నేను కింది గోడ, మేనత్త ఊడ్చేది. ముగ్గురం ఒళ్లంతా దుమ్ముకొట్టుకుని దయ్యాల్లా తేలేవాళ్లం. ఆ తరువాత నేను హాస్టల్లో చదువుకున్నాను, పట్నంలో దవాఖాన ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి, సన్నటి పొరగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద డాక్టరుకు సిద్ధం చెయ్యడం నా పని.

నాన్న యాభై దాటకుండానే పోయాడు. చివర్లో చెప్పులు వేసుకోవడానికి వంగితే దమ్ము వచ్చేది. కంపెనీ డాక్టరు ఏటా ఎక్స్‌రే తీసేవాడు, ఒక్కటీ చూపించలేదు. బీడీల వల్ల అని కాగితం మీద రాసిచ్చాడు. మా నాన్న జన్మలో బీడీ ముట్టలేదు. తరువాత మేనత్త. ఆమెకు టీబీ అన్నారు, మందులు మింగించారు, గళ్లలో, అంటే దగ్గితే పడే తెమడలో, టీబీ పురుగు ఒక్కసారి కూడా కనపడలేదు. కనపడటం లేదని చెప్పింది నేనే. ఏముందో మాత్రం అప్పటికి నాకు తెలియదు.

ఇల్లు కాలి నలభై ఏళ్లయ్యాక అమ్మకు ఛాతీలో నీరు చేరింది. నేను పనిచేసే దవాఖానకే తెచ్చాను. ఊపిరితిత్తి మీది పొర ముక్క తీశారు. ఆ ముక్కను నేనే కోశాను, ఇంకొకరిని తాకనివ్వలేదు. అమ్మ గళ్ల కూడా పలక మీద పరిచి చూశాను. బంగారు రంగు పుల్లలు కనిపించాయి. పూసలు గుచ్చినట్టు ఉన్నాయి. చూడటానికి అందంగానే ఉన్నాయి. మా పెద్ద డాక్టరు వంగి చూసి, మీ అమ్మ ఎక్కడ పనిచేసిందమ్మా అని అడిగాడు. ఇంట్లో, అన్నాను. అప్పుడాయన రాతినార సంగతి మొత్తం చెప్పాడు.

ఊపిరితిత్తుల్లో చెత్త ఊడ్చే కణాలుంటాయి. దుమ్ము వచ్చి పడితే చుట్టుముట్టి మింగి, లోపలున్న ఘాటు రసాలతో అరిగిస్తాయి, అరగనిదాన్ని మోసుకెళ్లి తెమడతో బయట పడేస్తాయి. బాట దుమ్ము, పొయ్యి బూడిద చాలావరకు అలాగే పోతాయి. రాతినార పోగు సన్నం కాబట్టి గాలితోపాటు లోతుకు దిగుతుంది. కానీ కణం కంటే పొడుగు. ఒక కొస మింగితే రెండో కొస బయటే ఉంటుంది. కణం మింగలేక కక్కలేక అలాగే పట్టుకుని కూర్చుంటుంది. నోరు మూతపడదు, లోపలి రసాలు బయటికి కారి పక్కనున్న మంచి కండను కాలుస్తాయి. సాయానికి ఇంకో కణాన్ని పిలుస్తుంది, అదీ వచ్చి పట్టుకుంటుంది. అది చస్తే ఇంకొకటి. ఏమీ చెయ్యలేక పోగు మీద ఇనుము పూత పూస్తాయి, నేను చూసిన బంగారు రంగు అదే. పోగు మాత్రం అరగదు. కాలిన చోటల్లా మచ్చ కట్టి, మెత్తటి ఊపిరితిత్తి తోలులా గట్టిపడుతుంది. నాన్నకు, మేనత్తకు జరిగింది అదే అయ్యుంటుంది.

కొన్ని పోగులు ఊపిరితిత్తి దాటి దాని మీది పొరలోకి పోతాయి. అక్కడ ఒక కణం రెండుగా చీలేటప్పుడు అడ్డం పడతాయి. పిల్ల కణాలకు సమానంగా పంచాల్సిన వంశపు దారాలు, అంటే క్రోమోజోములు, తెగి చిక్కు పడతాయి. చెడిపోయిన దారాలతోనే బతకడం నేర్చిన కణం క్యాన్సర్ అవుతుంది. దానికి ముప్పై ఏళ్లు పడుతుంది, నలభై పడుతుంది. ఒక్క ఆస్బెస్టాసే కాదు, సన్నగా పొడుగ్గా ఉండి ఒంట్లో అరగని ఇంకొన్ని రాతి పోగులూ ఇదే పని చేస్తాయట. ఎక్కడో దూరదేశంలో పల్లెవాళ్లు అలాంటి తెల్లమట్టితో గోడలు పూసుకుని ఇదే రోగంతో పోయారని డాక్టరు చెప్పాడు. ఆ పల్లెల ఆడవాళ్ల చేతులు కూడా మా అమ్మ చేతుల్లాగే ఉండి ఉంటాయి.

నేను కంపెనీ గేటు దగ్గరికి వెళ్లాను. తడి రుమాలు సాబు ఎవరో, ఎక్కడున్నాడో చెప్పమన్నాను. దొరికితే ఏం చేసేదాన్నో ఇక్కడ రాయను. అలాంటి సాబు ఎవరూ లేరన్నారు. మీ నాన్న పేరు కూడా రిజిస్టర్లో లేదన్నారు. గేటు ముందు ఉమ్మేసి వచ్చాను. అంతకు మించి ఏం చెయ్యగలిగాను?

మంచం మీద అమ్మ తన లెక్కలు తను వేసుకుంటున్నది. ఇది పటేలు పెళ్లాం చేయించిన చేతబడే అని ఆమె నమ్మకం. రాయిపత్తి ఇయ్యనన్నందుకు కక్ష కట్టిందట. రోజూ అదే అడిగేది.

"దవాఖానల పనిజేస్తవ్ గదా. చెప్పు. గీ రోగం నాకెవరు వెట్టిన్రు?"

వారం రోజులు దాటేశాను. చెప్పకపోతే పటేలు పెళ్లాన్ని తిట్టుకుంటూ సుఖంగా పోయేదేమో. కానీ నాకు అబద్ధం చేతకాదు, ఓపిక అసలే లేదు. ఒక మధ్యాహ్నం నా మీద నాకే కోపం వచ్చి మొత్తం చెప్పేశాను. రాయిపత్తి అని చెప్పాను, చేట అని, గోడ అని, గీకుడు అని, కంపెనీకి తెలిసే ఉంటుందని, తడి రుమాలు అందుకేనని. అమ్మ కళ్లు మూసుకుని విన్నది. కళ్లు తెరవకుండానే అడిగింది.

"మీ మేనత్తకు గూడ నేనే మెత్తిన గదా?"

"అవ్ అమ్మా."

"పటేలు పెండ్లం బతికే ఉన్నదా?"

"ఉంది."

అమ్మ గోడ వైపు తిరిగింది. "నేను పావురపడ్డోళ్లు సచ్చిన్రు. పగవట్టినోళ్లు బతికిన్రు" అంది. దమ్ము కూడదీసుకుని మళ్లీ అంది. "ఇప్పుడొచ్చి అడిగితే ఇద్దును. గంపెడిద్దును."

నాలుగు రోజులకు పోయింది.

దినాలయ్యాక ఇల్లు కూల్చాలన్నాను. బంధువులు నివ్వెరపోయారు, నలభై ఏళ్లు బీట పడని గోడ అది. నేను వినలేదు. గోడల మీద బిందెలకొద్దీ నీళ్లు పోయించాను, పొడి లేవకుండా తడి పెళ్లలుగా తీయించాను, పెరట్లో నిలువు లోతు గొయ్యి తవ్వించి అందులో వేయించాను. కూలీల మూతులకు, నా మూతికి తడి గుడ్డలు కట్టాను. ఆ గుడ్డ కట్టుకుంటుంటే నాన్న వయ్యారపు నడక గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

మూడో రోజు పొద్దున పటేలు భార్య వచ్చింది. పటేలు ఎప్పుడో పోయాడు. ఆమెకు డెబ్బై దాటాయి, కర్ర కూడా లేకుండా నడిచి వచ్చింది. మీ అమ్మ మంచి మనిషే గానీ మొండిది అన్నది. నాడు బొక్కెన ఇస్తే తన మొగుడు తననూ ఆ మంటలోనే వేసేవాడని అన్నది. నిజమే కావచ్చు. అప్పుడామె గొయ్యి పక్కనున్న పెళ్లల వైపు చూపించింది.

"నా పొయ్యి ఎన్నిసార్లేసినా పలుగుతది బిడ్డా. ఎట్లాగు పారబోస్తున్నవ్. మీ అమ్మ ఇయ్యలే. నువ్వన్న ఒక్క గంపెడు ఇయ్యు."

గంపెడు. అమ్మ అన్న మాటే. పక్కనే ఖాళీ గంప కూడా ఉంది. నేను అడగమనలేదు, తనంతట తనే వచ్చి, చెయ్యి చాపి అడుగుతోంది. తెలిసి ఇచ్చేది నేనొక్కదాన్ని. ఇంకో మనిషికి తెలియదు. కాలిన మా ఇల్లు కళ్ల ముందు ఆడింది. నా చెయ్యి గంప అంచు మీద పడింది కూడా. ఇవ్వాలని నాకు ఎంత ఉందో దేవుడికి తెలుసు.

ఆ పొయ్యి ముందు ఇప్పుడు వండేది ఆమె కాదు, ఆమె కోడలు. ఆ సంగతి గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఏదీ గుర్తు రాలేదు. ఇది విషమమ్మా, పట్టుకోకు అని మెత్తగా చెప్పడానికీ నోరు రాలేదు. నోటికొచ్చింది చిన్నప్పటి నుంచీ అలవాటైన మాటే.

"గోటి మీదికొచ్చేంత గూడ ఇయ్య."

ఆమె మొహం మాడిపోయింది. "తల్లి అసొంటిదే బిడ్డ" అని, వంగి గుప్పెడు దుబ్బ ఎత్తి మా గడప మీద పోసి, మా వంశం మట్టి కొట్టుకుపోవాలని తిట్టింది. వంగి చూశాను. బాట మీది దుమ్మే, మా పెళ్లలది కాదు.

తిట్టుకుంటూనే ఎత్తు మీదున్న తన ఇంటి వైపు నడిచింది. నేను మూతికి గుడ్డతో గొయ్యి పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను. అమ్మ చివరి రోజుల్లో మంచం నుంచి తలుపుదాకా రావడానికి మూడుసార్లు ఆగేది. పటేలు భార్య ఆ ఎత్తంతా ఎక్కింది, నోటినిండా తిడుతూ ఎక్కింది, ఊపిరి తీసుకోవడానికి ఒక్కసారి కూడా ఆగలేదు. నా ఒళ్లు మండిపోయింది.